జబ్బు పేరు డాక్టరు చెప్తాడు, మీరు చూసింది చెప్పండి

తిరుపతిలో మెడికల్ షాపు నడిపేవాడికి ఊరి గుట్టు చాలానే తెలుస్తుంది. ఎవరింట్లో షుగరుంది, ఎవరికి మూలశంక, ఎవరు మాత్ర లేనిదే పడుకోలేరు, అన్నీ చీటీల మీదే ఉంటాయి. ఎవరూ పెద్దగా దాచుకోరు కూడా. ఒక్క మానసిక డాక్టరు చీటీ దగ్గర మాత్రం గొంతు తగ్గుతుంది. షాపులో జనం పల్చబడే దాకా పక్కన నిలబడి, అప్పుడొచ్చి ఇస్తారు. "అన్నా, ఇవి నరాలకే కదా?" అంటారు. ఔనంటాను. టైంకు వేసుకుంటే చాలు, నరాలకనుకుంటే ఏమి, మనసుకనుకుంటే ఏమి.

నా పేచీ ఇంకోటి. "లోపల డాక్టరుకు ఏం చెప్పినారు?" అని నేను అడుగుతుంటాను. వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒక పేరే. "డిప్రెషన్ ఉందని చెప్పినాం." "మెంటల్‌గా అప్‌సెట్ అయినాడని చెప్పినాం." "మేం వద్దంటున్నా మా అత్త గాలి సోకిందని చెప్పేసింది సార్." చదువుకున్న పిల్లలైతే "బైపోలార్ అయ్యుండొచ్చు అన్నాను అంకుల్" అంటారు. మనిషి ఏం చేశాడు, ఏమన్నాడు, ఎన్నాళ్ళ నుంచి, రాత్రా పగలా, ఇవేవీ ఆ జవాబుల్లో ఉండవు.

జబ్బుకు పేరు పెట్టడం డాక్టరు పని. చూసింది చూసినట్టు చెప్పడం మన పని. మనం మన పని పక్కనబెట్టి వాళ్ళ పని చేసేస్తున్నాం. అయితే చూసింది చెప్పాలన్నా ఏం చూడాలో కొంత తెలియాలి. మానసిక వైద్యంలో వాడే లక్షణాల పేర్లు ఒక డజను తెలిసుంటే చాలు, ఇంట్లో జరిగేది వేరేగా కనిపిస్తుంది. ఇవి డాక్టర్ల సొత్తు అని నేననుకోను.

జ్వరమొస్తే మనం సరిగా చెప్పకపోయినా ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో ల్యాబ్ చెప్తుంది. గుండెకు ఈసీజీ ఉంది. మనసు జబ్బుల్లో చాలావాటికి అలాంటి పరీక్ష లేదు. రక్తం తీస్తారు, నిజమే. అది థైరాయిడో, బీ12 లోపమో, సోడియం పడిపోవడమో వెనకాల ఉందేమో చూసుకోవడానికి. మిగతాదంతా మాట మీదే నడుస్తుంది. రోగి చెప్పేది, ఇంట్లోవాళ్ళు చెప్పేది, ఆ కాసేపట్లో డాక్టరు కంటికి కనిపించేది, అంతే. మన దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. పెద్దాసుపత్రి ఓపీ క్యూ చూసినవాళ్ళకు మనిషికి ఎన్ని నిమిషాలు దక్కుతాయో చెప్పక్కర్లేదు. ఆ నిమిషాల్లో "డిప్రెషన్ సార్" అని మొదలుపెడితే, దాన్ని విప్పుకోవడానికే సగం టైం పోతుంది.

పేర్ల దగ్గర తడబడింది మనమే కాదు, డాక్టర్లూ తడబడ్డారు. 1960ల్లో న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని నమ్మకాలు పట్టుకోవడం లాంటివి ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) అని రాసే కేసులు లండన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. ఆ ఊళ్ళో ఆ జబ్బు అంతగా ఎందుకుంది? రెండు దేశాల డాక్టర్లు కలిసి, రెండు నగరాల రోగులను ఒకే ప్రశ్నలతో పరీక్షించి చూశారు. తేడా చాలా మట్టుకు కరిగిపోయింది. రోగులు ఒకలాంటివాళ్ళే, పేరు పెట్టే అలవాటే వేరు. ఆ ప్రశ్నల పట్టీని లండన్‌లో జాన్ వింగ్ బృందం తయారుచేసింది. నీకే జబ్బు అని అందులో అడగరు. ఈ నెల రోజుల్లో నీకేం వినిపించింది, ఏమనిపించింది, ఎంత సేపు, దాన్ని ఆపగలిగావా, ఇలా అడుగుతారు. 1960ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 దేశాల్లో స్కిజోఫ్రీనియా మీద మొదలుపెట్టిన పెద్ద అధ్యయనానికీ అదే వాడారు. మన ఆగ్రా అందులో ఒక కేంద్రం. అంతంత చదివినవాళ్ళే పేరు తర్వాత చూద్దాం, ముందు లక్షణం రాయండి అన్న దారికి వచ్చారు.

ఒక తల్లి సంగతి చెప్తాను, ఊరూ వివరాలూ మార్చి. పాకాల వైపు పల్లె. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. "వానికి పిచ్చి ముదిరిపోతాండాది నాయనా" అంది. ఏం చేస్తున్నాడమ్మా అంటే "ఏందేందో చేస్తాండాడు" అంది. స్టూలు వేసి కూర్చోబెట్టి నిదానంగా అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. నడి ఎండాకాలంలో ఫ్యాన్ ఆపేసి చెమటలో కూర్చుంటాడు. ఇంకెవరైనా వేస్తే లేచి ఆపేస్తాడు. కొళాయి ధారగా తిప్పనివ్వడు. ఎందుకురా అంటే, ఫ్యాన్ తిరిగితే ఇద్దరు మాట్లాడుకుంటారంట, వాడి గురించే. "వీడు లేచినాడు చూడు, చొక్కా వేసుకుంటాండాడు చూడు" అని. ఫ్యాన్ ఆపితే వాళ్ళూ ఆగిపోతారంట.

"ఇది డాక్టరుకు చెప్పినారామ్మా?"

"ల్యా నాయనా. ఇట్లాంటివన్నీ చెప్తే నవ్వుతారని... నిద్రపోవడంల్యా, తిక్క తిక్కగా ఉండాడు అని చెప్పినా."

నవ్వుతారని ఆమె దాచుకున్నదే డాక్టరుకు కావాల్సిన మాట. బయట ఏమీ లేకుండా వినిపించినా కనిపించినా దాన్ని హాల్యూసినేషన్ అంటారు. ఉన్నదాన్ని ఇంకొకటిగా పొరబడితే ఇల్యూజన్. మన వేదాంతులు తాడూ పామూ అని ఏనాటి నుంచో చెప్తూనే ఉన్నారు. మసక చీకట్లో తాడును పామనుకుంటే అది ఇల్యూజన్. తాడే లేదు, ఉత్త నేల మీద పాము కనిపిస్తోందంటే హాల్యూసినేషన్. ఈ పిల్లవాడిది ఇంకా సూక్ష్మం. ఫ్యాన్ రొద రొదలాగానే వినిపిస్తోంది, దానితోపాటు విడిగా గొంతులూ వినిపిస్తున్నాయి, అదీ ఫ్యాన్ తిరిగినంత సేపే. దీనికి ఫంక్షనల్ హాల్యూసినేషన్ అని పాఠ్యపుస్తకాల్లో ప్రత్యేకంగా పేరుంది. ఆ పేరు తల్లికి అక్కర్లేదు. ఫ్యాన్ సంగతి చెప్తే చాలు.

గొంతులు అనగానే డాక్టరు ఇంకొన్ని అడుగుతాడు. వాడితో మాట్లాడతాయా, వాడి గురించి వాటిలో అవి మాట్లాడుకుంటాయా? వాడు చేసే ప్రతి పనినీ చెప్తుంటాయా? కర్ట్ ష్నైడర్ అనే జర్మన్ డాక్టరు ఇలాంటి గొంతులను స్కిజోఫ్రీనియాకు ముఖ్య లక్షణాల్లో చేర్చాడు. తర్వాత వేరే జబ్బుల్లోనూ అవి కనిపించడంతో వాటి ఒక్కదాని మీదే నిర్ణయించడం మానుకున్నారు గానీ, అడగడం మానలేదు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ గొంతులు 'దూకు', 'కొట్టు', 'తినొద్దు' అని ఆర్డర్లు వేస్తున్నాయా? వేస్తుంటే వచ్చే సోమవారం ఓపీ దాకా ఆగకూడదు, ఆ రోజే పోవాలి.

వినిపించిందల్లా జబ్బూ కాదు. నిద్రలోకి జారుకునేటప్పుడు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించడం బాగున్నవాళ్ళకూ మామూలే. భర్త పోయినావిడ వసారాలో ఆయన దగ్గు వినిపించిందని చెప్తే కంగారుపడి లాక్కెళ్ళక్కర్లేదు. 1971లో రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు పక్కనున్నట్టు అనిపించిందనో, కనిపించారనో, గొంతు విన్నామనో చెప్పారు. చాలామందికి అది ఊరటగానే ఉంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే మళ్ళీ ఆ వివరాల్లోనే.

ఇప్పుడు నమ్మకాల దగ్గరికొద్దాం. మన వైపు ఇది పెద్ద చిక్కు. చెయ్యి విరిగితే ఎక్కడికి పోవాలో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చంటిపిల్లను అడిగినా పుత్తూరు కట్టు అని చెప్తుంది. మనిషి తీరు మారితే మాత్రం ముందు మంత్రగాడు, తర్వాత దర్గా, తర్వాత షోలింగూరు నరసింహస్వామి కొండ, అన్నీ అయ్యాక రాయవేలూరు, అంటే వేలూరు ఆసుపత్రి. అక్కడ డాక్టరు అడిగితే "ఎవురో మందు పెట్టినారు సార్" అంటారు. అన్నంలో మందు పెట్టారనే నమ్మకం మా వైపు ఎంతమందికి లేదు! చదువుకున్నవాళ్ళకూ ఉంది. మరి వీళ్ళందరికీ డెల్యూషన్, అంటే జబ్బు వల్ల పుట్టే తప్పుడు నమ్మకం, ఉన్నట్టా?

కాదు. కార్ల్ యాస్పర్స్ అనే జర్మన్ మానసిక డాక్టరు 1913లో తన పుస్తకంలో డెల్యూషన్‌కు మూడు గుర్తులు చెప్పాడు. అది నిజమనే నమ్మకం అసాధారణంగా గట్టిగా ఉంటుంది, ఎంత అనుభవం ఎదురైనా ఎంత నచ్చజెప్పినా కదలదు, విషయమేమో జరగడానికి వీల్లేనిది. ఇప్పుడు వాడే నిర్వచనాలు ఇంకొకటి కలుపుతాయి. ఆ మనిషి పుట్టి పెరిగిన చోట నలుగురూ నమ్మేదైతే దాన్ని లెక్కలోకి తీసుకోరు. కాబట్టి చేతబడిని నమ్మడం ఒక్కటే లక్షణం కాదు. నమ్మకం ఎలా పుట్టింది, ఎంత దూరం పాకింది అన్నదే చూడాలి. పక్కింటాయనకూ మనకూ గట్టు తగాదా ఉండి, గేదె చచ్చిపోతే "వాడే ఏదో చేయించినాడు" అనడం ఊరి మాట. పక్కింటాయన దగ్గితే అది నాకే సైగ, టీవీలో వార్తలు చదివే అమ్మాయి కళ్ళార్పితే అదీ నాకే సైగ, మా అమ్మ వండిన సంగట్లోనూ వాళ్ళు విషం కలిపించారు అంటుంటే అది ఊరి మాట కాదు. మంత్రగాడిని నమ్మే నాయనమ్మే "ఇది మన నమ్మకంలాగా లేదబ్బా" అనేస్తుంది. నాయనమ్మ అన్న ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి. చాలా విలువైన సాక్ష్యం.

పూనకానికీ ఇదే లెక్క. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు చెప్పేదేముంది. మీసాలున్న మగవాళ్ళు చీరలు కడతారు, వేషాలు వేస్తారు, నోటికొచ్చిన బూతులు తిడతారు, కొందరికి అమ్మవారు పూనుతుంది. జాతర అయిపోతుంది, వేషం తీసేస్తారు, మర్నాడు పొద్దున అంగడి తెరుస్తారు. ఇందులో జబ్బేమీ లేదు. బయటి దేశం డాక్టరైనా లేదనే చెప్పాలి. 2022లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో పూనకానికి సంబంధించిన రుగ్మత ఒకటుంది. కానీ ఆచారంలో భాగమై, ఆ సమాజం ఒప్పుకున్నదైతే దాని కిందికి రాదు. మనిషికి ఇష్టం లేకుండా, తన చేతిలో లేకుండా వచ్చి, బతుకును దెబ్బతీస్తుంటేనే వస్తుంది. జాతర లేదు, గుడి లేదు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు అత్తగారింట్లో వారం వారం ఒళ్ళు తెలియకుండా పోతోందంటే, ఎవరు పూనారని కాదు అడగాల్సింది. ఆ పిల్లకు ఆ ఇంట్లో ఏం జరుగుతోందని.

దిగులు గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్తున్నారు. రెండు సంగతులు చాలు. కేస్ షీటులో మూడ్ అని ఒక గడి, అఫెక్ట్ అని ఇంకో గడి ఉంటాయి. మూడ్ అంటే లోపల చాన్నాళ్ళుగా పరచుకున్న స్థితి, రోగి నోటితో చెప్పేది. అఫెక్ట్ అంటే ఆ గదిలో ముఖం మీద డాక్టరుకు కనిపించేది. ఇవి రెండూ ఋతువూ ఆ రోజు వాతావరణమూ లాంటివి, వానాకాలంలోనూ ఒక పూట ఎండ కాస్తుంది. అందుకే "నిన్న పెళ్ళిలో నవ్వుతానే ఉండె కదా, డిప్రెషన్ ఏంది" అన్న వాదన చెల్లదు. రెండో సంగతి, ఏడుపే గుర్తు కానక్కర్లేదు. ఇష్టమైనవాటి మీద ఇష్టం చచ్చిపోవడాన్ని అన్‌హెడోనియా అంటారు. అమెరికా వాళ్ళ మానసిక జబ్బుల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం డిప్రెషన్ అని తేల్చడానికి తొమ్మిది లక్షణాల్లో ఐదు, కనీసం రెండు వారాలు ఉండాలి. ఆ ఐదులో దిగులైనా, ఈ ఇష్టం పోవడమైనా ఒకటి ఉండి తీరాలి. అంటే దిగులుగా ఉందని ఒక్కసారీ అనని మనిషికీ డిప్రెషన్ ఉండొచ్చు. మా కౌంటరు దగ్గర అది ఎక్కువగా ఒళ్ళు నొప్పులు, తలబరువు, గ్యాస్, నీరసం రూపంలోనే వస్తుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ డాక్టరు రఘురాం, సహచరులతో కలిసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, దిగులు లక్షణాలు పెరిగేకొద్దీ నలుగురిలో పరువు పోతుందన్న భయం పెరిగిందని, ఒంటి బాధలు ఎక్కువగా చెప్పుకునేవాళ్ళలో ఆ భయం తక్కువగా ఉందని తేలింది. నడుము నొప్పికి ఎవరూ సంబంధం తప్పిపోతుందని భయపడరు మరి.

నిద్ర దగ్గర మాత్రం ఆగాలి. "నిద్ర పట్టడంల్యా, ఒక షీటు ఇయ్యన్నా" అని రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఇవ్వను. ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు అన్నీ రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. చట్టం సంగతి సరే, అసలు నిద్ర పట్టకపోవడం ఒకటే రకం కాదు. పడుకున్నాక గంటలకొద్దీ పొర్లడం ఒకటి, టెన్షన్ మనుషుల్లో ఎక్కువ. బాగానే నిద్రపోయి, కొండ మీద సుప్రభాతం టైంకు మెలకువొచ్చేసి, మళ్ళీ పట్టక, తెల్లారేసరికి మనసు రోజంతటిలోకీ అధ్వాన్నంగా ఉండటం ఇంకొకటి. అది గట్టి డిప్రెషన్‌లో కనిపించే తీరు. మూడోది, ఇంట్లోవాళ్ళు ముచ్చటపడేది. రెండు గంటలు పడుకుని లేచి, అలుపు లేకుండా ఇల్లంతా సర్దేసి, ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాటలోకి దూకుతూ, మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వకుండా, లక్షల బిజినెస్ ప్లాన్లు చెప్పడం. వీడికి నిద్ర రాకపోవడం కాదు, నిద్ర అక్కర్లేకుండా పోయింది. అది మేనియా అయ్యుండే అవకాశముంది. ముగ్గురూ చీటీ లేకుండా అడిగేది ఒకటే మాత్ర.

ప్యానిక్ అటాక్ గురించి ఒక్క మాట. తిరుమల క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లో తలుపు మూయగానే గుండె దడదడ కొట్టుకుని, చేతులు తిమ్మిరెక్కి, ఇదే ఆఖరు అనిపించి, పది నిమిషాల్లో పతాక స్థాయికి పోయి దానంతటదే దిగిపోతే అది కావచ్చు. మొదటిసారైతే మాత్రం ఈసీజీ తీయించుకునే తీరాలి. ప్యానిక్ అని ఎవరికి వాళ్ళు తేల్చేసుకోకూడదు.

ముసలివాళ్ళ సంగతి దగ్గర నాకు కోపమొస్తుంది. మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. కళ్ళజోడు లేకుండా బియ్యం ఏరేది. ఒక మంగళవారం సాయంత్రం నన్ను చూసి, ఎప్పుడో పోయిన వాళ్ళ తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. దుప్పటి మీద లేని పోగులు ఏరుతోంది. గోడ వైపు చూసి "ఆ పిల్లోల్ను దిగమనండి" అంటోంది. పొద్దున్నే మామూలుగా కాఫీ అడిగింది. "వయసైపోయిండాది, మతిమరుపు లెబ్బా" అన్నారు ఇంట్లో. మా అన్న మాత్రం ఆమె పక్కన కూర్చుని ఆదివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమన్నాడు. ఆదివారం, శనివారం అని ఆగి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆసుపత్రిలో డాక్టరుకు అన్న చెప్పింది మూడే మాటలు: ఆదివారం దాకా బాగుంది, సాయంత్రమైతే ఎక్కువవుతోంది, ఒక్క విషయం మీద దృష్టి నిలవడం లేదు. వెంటనే మూత్రం పరీక్షకు పంపారు. ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ పడ్డాక వారంలోపే మళ్ళీ బియ్యం ముందు కూర్చుంది.

దాన్ని డెలీరియం అంటారు. డిమెన్షియా, అంటే వయసులో వచ్చే మతిమరుపు జబ్బు, నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వచ్చి, ఒక పూట ఎక్కువ ఒక పూట తక్కువగా ఊగుతుంది. వెనకాల ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మాత్రో ఉంటుంది. టైం, చోటు, మనిషి, ఈ మూడూ తెలుస్తున్నాయా అని డాక్టర్లు ఊరికే అడగరు. దీన్ని వయసు ఖాతాలో రాసేసి ఇంట్లో పడుకోబెడితే మనిషి పోవచ్చు. 'ఎప్పటిదాకా బాగుంది' అన్న ఒక్క తేదీ చెప్పగలిగితే ఆ పొరబాటు జరగదు.

ఇదే డెలీరియం కార్తీక మాసంలో ఇంకో రూపంలో వస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజుల దీక్ష, చుక్క ముట్టడు. మంచిదే. రెండో మూడో రోజుకు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర ఉండదు, ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటాడు, ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతాడు, ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పలేడు. దీక్షలో ఏదో అపచారం జరిగిందని కర్పూరం వెలిగిస్తారు. మద్యం ఒక్కసారిగా ఆపినందుకు వచ్చే డెలీరియం ట్రెమెన్స్ అది. వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది. మాల వేసుకునే ముందే డాక్టరును కలిస్తే మందులతో నిదానంగా దించుతారు. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి "పిచ్చి లేచింది సార్" అనకుండా, "రోజూ తాగేవాడు, ఆపి మూడు రోజులైంది" అంటే క్యాజువాలిటీలో పని వేరుగా నడుస్తుంది.

"నాకేం లేదు, నన్నెందుకు తీసుకొచ్చినారు" అనే మాట మీద ఇళ్ళల్లో ఎన్ని గొడవలో. మొండితనమనుకుని కొట్టినవాళ్ళూ ఉన్నారు. తనకు జబ్బుందని తెలియడాన్ని ఇన్‌సైట్ అంటారు. అది పోవడం జబ్బులో భాగమే. అది ఉండటం లేకపోవడం అన్న రెండు ముక్కలుగా కూడా ఉండదు. ఏదో తేడాగా ఉందని ఒప్పుకుని, కారణం మాత్రం పక్కింటివాడు అనేవాళ్ళున్నారు. జబ్బని ఒప్పుకుని, మందెందుకు అనేవాళ్ళున్నారు. మీవాడు ఏ మెట్టు మీదున్నాడో చెప్పగలిగితే, ఎక్కణ్ణుంచి మాట మొదలుపెట్టాలో డాక్టరుకు తెలుస్తుంది.

ఇక రెండో జట్టు, ఫోన్లో రీల్స్ చూసి వచ్చేవాళ్ళు. గాలి, దిష్టి అనేవాళ్ళ కంటే వీళ్ళు నయమని చాలామంది అనుకుంటారు. నాకు పెద్ద తేడా కనిపించదు. డబ్బాలు సైజు వరసలో సర్దితే "నాకు కొంచెం ఓసీడీ" అంటుంది ఒకమ్మాయి. సర్దాక ఆమె హాయిగా ఉంది కదా! ఓసీడీలో ఉన్న మనిషికి ఆ హాయి ఉండదు. వద్దన్నా వచ్చే ఆలోచన, అది తన బుర్రలోదేనని తెలుసు, అర్థం లేనిదనీ చాలాసార్లు తెలుసు, తోసేసేకొద్దీ తిరిగొస్తుంది. గ్యాస్ కట్టానా లేదా అని పడుకున్నాక పదేపదే లేచి, రోజులో గంటకు పైగా ఇందులోనే పోగొట్టుకుని, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోవడం అది. అలాగే మడి కట్టుకునే అవ్వకూ ఓసీడీ లేదు. ఆమె మడి ఆమెకిష్టం, పూజ అయ్యాక విడిచేస్తుంది. ఉదయం నవ్వి సాయంత్రం విసుక్కుంటే బైపోలార్ కాదు, అందులో వచ్చే మేనియా అనాలంటే వారం పాటైనా నిలవాలి. పేరు ముందే తగిలించుకుని పోతే ఆ పేరుకు సరిపడే లక్షణాలే గుర్తొస్తాయి, సరిపడనివి నోట్లోంచి రావు.

"ఈ లక్షణాలన్నీ నేర్చుకుంటే ప్రతివాడికీ అన్నీ ఉన్నట్టే అనిపిస్తాయి" అని నాతో వాదించే మిత్రుడొకడున్నాడు. కొంత నిజముంది. కానీ భయపెట్టేది జబ్బు పేరు. లక్షణం వెంట ఎంతసేపు, ఎన్నిసార్లు, దానివల్ల ఏ పని ఆగింది అన్న ప్రశ్నలు వస్తాయి, వాటికి జవాబు చెప్పుకుంటే సగం భయాలు అక్కడే తేలిపోతాయి. ఇంటివాళ్ళను వైద్యంలో కలుపుకోవడం మన దేశంలో కొత్తా కాదు. 1950ల్లో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యం చేశాడు. వేలూరు సీఎంసీ వాళ్ళ బాగాయం మానసిక కేంద్రంలో రోగితోపాటు ఇంట్లోవాళ్ళు ఉండటం మొదటి నుంచీ పద్ధతి. చిత్తూరు వాళ్ళకు అది గంట ప్రయాణం.

డాక్టర్లనూ వదిలిపెట్టను. మనం సరిగా చెప్పాలని అనేవాళ్ళు మనకూ సరిగా చెప్పాలి. నా చేతికొచ్చే డిశ్చార్జి కాగితాల్లో మూడక్షరాల పొట్టి రాతలు తప్ప ఏమీ ఉండవు, రోగి వాళ్ళ అన్నయ్య నన్నడుగుతాడు ఇందులో ఏముందని. 2017 మానసిక ఆరోగ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం జబ్బు ఏమిటో, ఏ వైద్యం చేయబోతున్నారో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అడగండి. అడిగితే విసుక్కుంటారేమో, అయినా అడగండి.

మందుల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంట్లో ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. "చచ్చిపోవాలనిపిస్తాందా?" అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయం. అలా అవదు, అడిగినందుకు చాలామందికి బరువు దిగుతుంది. జవాబులో తేడాలు వినండి. "దేవుడు తీసుకుపోతే బాగుండు" అనడం వేరు, "చచ్చిపోవాలనుంది" అనడం వేరు, ఎలాగో ఎప్పుడో ఆలోచించి పెట్టుకోవడం వేరు. మొదటిదాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. మూడోదైతే మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుల మందు, మాత్రల షీట్లు చేతికందకుండా తీసేసి, అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. పోలీసు కేసవుతుందని ఆగొద్దు. అదే చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది, శిక్షించొద్దంటుంది. ఆసుపత్రి దూరమైతే, రాత్రైతే, ముందు మాట్లాడటానికి 14416 ఉంది. టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ ఎత్తినవాళ్ళు జబ్బు పేరు అడగరు. ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, అన్నం తింటున్నాడా, ఏమంటున్నాడు, ఇప్పుడు పక్కన ఎవరున్నారు అని అడుగుతారు.